ఆకాశానికి అద్దం పట్టిన బర్నార్డ్

మబ్బులేని అమావాస్య రాత్రి ఊరి దీపాలకు దూరంగా నిలబడి చూస్తే, ఆకాశంలో ఈ కొస నుండి ఆ కొస దాకా పాలు ఒలికినట్లు ఒక తెల్లని దారి కనబడుతుంది. దానినే మన పెద్దలు పాలపుంత అన్నారు. పుంత అంటే బండ్లు నడిచే దారి. ఆ దారిని శ్రద్ధగా చూసేవారికి అందులో అక్కడక్కడ నల్లని చీలికలు, మచ్చలు కూడా కనబడతాయి. చుక్కలు కిక్కిరిసి ఉన్నచోట ఆ నలుపు ఎక్కడిది? అక్కడ చుక్కలు లేవా? లేక ఉండి కూడా మనకు కనబడటం లేదా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం ఒక మనిషి ముప్పై ఏళ్లకు పైగా తన రాత్రులను ధారపోశాడు. అతడు చిన్నతనంలో బడికి వెళ్లినది రెండు నెలలే. తొమ్మిదో ఏటనే కూలికి కుదిరాడు. అయినా ఆకాశాన్ని ఛాయాచిత్రాలు తీయడంలో తన కాలంలో అతనికి సాటి వచ్చినవారు అరుదు. అతడే ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్.

బర్నార్డ్ 1857వ సంవత్సరం డిసెంబరు 16వ తేదీన అమెరికా దేశంలోని టెనెస్సీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరంలో జన్మించాడు. అతడు పుట్టడానికి మూడు నెలల ముందే తండ్రి మరణించాడు. తల్లి ఎలిజబెత్ ఇద్దరు కొడుకులతో నిరాధారంగా మిగిలిపోయింది. మైనంతో పువ్వులు చేసి అమ్మి ఆమె కుటుంబాన్ని పోషించింది. బర్నార్డ్‌కు నాలుగో ఏడు నడుస్తుండగా అమెరికాలో అంతర్యుద్ధం మొదలయింది. నాష్‌విల్ నగరం సైన్యాల రాకపోకలతో నలిగిపోయింది. పేదల ఇళ్లలో ఆకలి తాండవించింది. కొడుకును బడికి పంపే స్తోమత ఆ తల్లికి లేదు. అందువల్ల ఆమె తానే అతనికి చదవడం నేర్పింది. అక్షరాలతో పాటు పుస్తకం మీద ప్రేమను కూడా అలవాటు చేసింది.

1866లో, తొమ్మిదో ఏడు వచ్చీరాకముందే, బర్నార్డ్ ఆ ఊళ్లోని వాన్ స్టావొరెన్ అనే ఛాయాగ్రాహకుని స్టూడియోలో పనికి కుదిరాడు. అప్పటికి విద్యుద్దీపాలు లేవు. చిన్న చిత్రాన్ని పెద్ద కాగితం మీదికి పెంచాలంటే బలమైన వెలుగు కావాలి. అందుకు సూర్యకాంతి ఒక్కటే ఆధారం. స్టూడియో మేడ మీద ఒక పెద్ద కెమేరా ఉండేది. దానికి జూపిటర్ అని పేరు. సూర్యుడు ఆకాశంలో జరిగే కొద్దీ ఆ కెమేరాను కూడా కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉండాలి. క్షణం ఏమరితే వెలుగు తప్పుకుంటుంది, చిత్రం చెడిపోతుంది. పొద్దస్తమానం ఎండలో నిలబడి చక్రాలు తిప్పడమే ఆ బాలుని పని. అంతకుముందు ఆ పనికి కుదిరిన పిల్లలు కునుకు తీసేవారట. బర్నార్డ్ మాత్రం కన్ను మరల్చేవాడు కాదు. ఇంట్లో తల్లి తన కూలి డబ్బు కోసం ఎదురు చూస్తున్నదని అతనికి తెలుసు. వెలుగును వదలకుండా వెంబడించే ఈ విద్య ముందుముందు తనకు ఎంత పెద్ద ఆస్తి కాబోతున్నదో అప్పుడు అతనికి తెలియదు.

ఆ స్టూడియోలో అతడు సుమారు 17 సంవత్సరాలు పనిచేశాడు. కటకాల గుణదోషాలు, గాజు పలక మీద మందు పూయడం, చీకటి గదిలో చిత్రాన్ని పైకి రప్పించడం, కాగితం మీద అచ్చు తీయడం, ఇవన్నీ క్రమంగా నేర్చుకున్నాడు. రాత్రి పొద్దుపోయాక ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు అతని చూపు ఆకాశం మీదనే ఉండేది. ఒక పసుపుపచ్చని చుక్క మిగిలిన చుక్కల నడుమ నెమ్మదిగా చోటు మారడం అతడు గమనించాడు. అది శనిగ్రహమని చెప్పేవారు అప్పుడు దగ్గర లేరు. కనబడే చుక్కల పేర్లు కూడా అతనికి తెలియవు.

1876లో ఒక చిన్న సంఘటన జరిగింది. పరిచయస్తుడొకడు వచ్చి రెండు డాలర్లు అప్పు అడిగి, తాకట్టుగా ఒక పుస్తకం ఇచ్చిపోయాడు. మళ్లీ తిరిగి రాలేదు. డబ్బు పోయిందని విసుక్కుంటూనే బర్నార్డ్ ఆ పుస్తకం తెరిచాడు. అది థామస్ డిక్ అనే రచయిత ఖగోళశాస్త్రం గురించి రాసిన గ్రంథం. అందులో నక్షత్ర పటాలు ఉన్నాయి. ఆ రాత్రే కిటికీ దగ్గర నిలబడి పటాన్నీ ఆకాశాన్నీ పోల్చి చూశాడు. చిన్ననాటి నుండి తాను చూస్తున్న చుక్కల పేర్లు ఒక్కొక్కటిగా తెలిశాయి. పోయిందనుకున్న రెండు డాలర్లకు ఆకాశమంతా చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరం నాటికి అతడు 5 అంగుళాల కటకం గల దూరదర్శినిని కొన్నాడు. దాని వెల 380 డాలర్లు. అది అతని ఏడాది సంపాదనలో మూడింట రెండు వంతులు.

అదే 1877లో అమెరికా విజ్ఞానశాస్త్ర సంఘం సమావేశాలు నాష్‌విల్‌లో జరిగాయి. ఆ కాలపు ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు సైమన్ న్యూకూంబ్ అక్కడికి వచ్చాడు. బర్నార్డ్ ఎంతో ఆశతో ఆయనను కలిసి, తనవంటివాడు ఏమి చేస్తే శాస్త్రానికి ఉపయోగపడగలడని అడిగాడు. నీకు గణితం ఎంత వచ్చునని న్యూకూంబ్ ప్రశ్నించాడు. ఏమీ రాదన్నది జవాబు. అయితే దూరదర్శినిని పక్కనపెట్టి ముందు గణితం నేర్చుకో, లేకపోతే తోకచుక్కలను వెదకడం తప్ప నీవు చేయగలిగినది లేదు అన్నట్లుగా ఆయన సలహా ఇచ్చాడు. ఆ యువకుడు పక్కకు పోయి ఒక స్తంభం చాటున నిలబడి కన్నీరు కార్చాడు. కాని అతడు ఆ మాటను అవమానంగా మిగుల్చుకోలేదు. సలహాలోని రెండు భాగాలనూ పాటించాడు. పగటి పని ముగిశాక గణితం నేర్చుకోసాగాడు. రాత్రుళ్లు తోకచుక్కల కోసం ఆకాశాన్ని గాలించసాగాడు.

1881లో బర్నార్డ్‌కు రోడా కాల్వర్ట్‌తో వివాహమయింది. ఆమె ఇంగ్లాండు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబానికి చెందినది. ఆమె సోదరులు కూడా ఆ స్టూడియోలోనే పనిచేసేవారు. ఆ రోజుల్లో రోచెస్టర్ నగరానికి చెందిన వార్నర్ అనే ధనికుడు, కొత్త తోకచుక్కను కనిపెట్టినవారికి 200 డాలర్ల బహుమానం ప్రకటించాడు. 1881 సెప్టెంబరులో బర్నార్డ్ తన మొదటి బహుమానం గెలిచాడు. ఆ డబ్బుతో ఇంటి నిర్మాణం మొదలుపెట్టాడు. మిగిలిన బాకీ తీర్చవలసిన గడువులు వచ్చినప్పుడల్లా మరో తోకచుక్క దొరికేది. అందుకే ఆ ఇంటికి తోకచుక్కల ఇల్లు అని పేరు వచ్చింది. జీవితకాలంలో ఆయన సుమారు 15 తోకచుక్కలను కనిపెట్టాడు.

ఈ కీర్తి విన్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1883లో ఆయనకు విద్యార్థి వేతనం ఇచ్చి చేర్చుకున్నది. అప్పటికి ఆయనకు 25 సంవత్సరాలు. భార్య, వయసు మళ్లిన తల్లి, ఇంటి బాధ్యత ఉన్నాయి. తనకంటే చిన్నవారి పక్కన కూర్చొని చదువుకుంటూనే విశ్వవిద్యాలయపు దూరదర్శినిని చూసుకునే పని కూడా నిర్వహించాడు. ఆ సంవత్సరమే ధనూరాశిలో దట్టమైన నక్షత్రాల నడుమ ఒక చిన్న నల్లని మచ్చ ఆయన కంటబడింది. సిరాబొట్టు పడినట్లున్న ఆ మచ్చను చూసి అది ఆకాశంలో ఒక రంధ్రమని ఆయన అనుకున్నాడు. వంద సంవత్సరాల కిందట విలియం హెర్షెల్ వంటి మహా శాస్త్రజ్ఞుడు కూడా అటువంటి నల్లని చోటును ఆకాశంలోని ఖాళీ అనే భావించాడు. బర్నార్డ్‌కు ఆ అభిప్రాయాన్ని కాదనవలసిన కారణం అప్పుడు కనబడలేదు. కాని ఆ మచ్చ ఆయన మనసులో ఉండిపోయింది.

1887లో చదువు ముగించి ఆయన కాలిఫోర్నియాకు బయలుదేరాడు. అక్కడ హామిల్టన్ కొండ మీద లిక్ వేధశాల సిద్ధమవుతున్నది. సముద్రమట్టానికి 4,000 అడుగులకు పైగా ఎత్తులో ఉన్న ఆ వేధశాల 1888లో పని ప్రారంభించింది. అక్కడి 36 అంగుళాల దూరదర్శిని ఆనాటికి ప్రపంచంలో కటకాలతో చేసినవాటిలో అన్నింటికంటె పెద్దది. కొత్తగా వచ్చిన బర్నార్డ్‌కు దానిని వాడుకునే అవకాశం కొన్నేళ్ల దాకా రాలేదు. అయినా ఆయన చేతులు కట్టుకొని కూర్చోలేదు. ఆ వేధశాలలో మనుషుల ఛాయాచిత్రాలు తీయడానికి చేసిన పాత కటకం ఒకటి ఉన్నది. దానిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ఛాయాగ్రాహకుని వద్ద పాతసరుకుగా కొన్నారు. దాని వెడల్పు 6 అంగుళాలు. దానిమీద విల్లార్డ్ అనే వ్యాపారి పేరు ఉండటం వల్ల దానికి విల్లార్డ్ కటకమని పేరు వచ్చింది. స్టూడియోలో పెరిగిన బర్నార్డ్‌కు ఆ కటకం విలువ వెంటనే అర్థమయింది. పెద్ద దూరదర్శిని ఆకాశంలో చిన్న ముక్కను మాత్రమే పెద్దదిగా చూపుతుంది. ఈ కటకం విశాలమైన ప్రదేశాన్ని ఒక్కసారిగా పట్టుకోగలదు. పాలపుంతవంటి మహా విస్తారమైన దానికి ఇటువంటి కటకమే తగినది.

ఆకాశాన్ని ఛాయాచిత్రం తీయడం ఎందుకు అవసరమో ఇక్కడ తెలుసుకోవాలి. మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. ఒక మసక వస్తువును గంటసేపు చూసినా, మొదటి క్షణంలో కనబడిన దానికంటె అది ప్రకాశవంతం కాదు. మందు పూసిన గాజు పలక అలా కాదు. కుండలో చుక్క చుక్కగా నీరు చేరినట్లు దానిమీద వెలుగు చేరుతూనే ఉంటుంది. మూడు నాలుగు గంటలు వెలుగు సోకితే కంటికి ఎన్నడూ కనబడని నీహారికలు కూడా దానిమీద రూపు కడతాయి. 1880లో హెన్రీ డ్రేపర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మన గొల్లకావడి చుక్కల దగ్గరి నీహారికను 51 నిమిషాలు వెలుగు సోకించి మొదటిసారిగా ఛాయాచిత్రం తీశాడు. అప్పటి నుండి ఈ విద్య దేశదేశాలకూ వ్యాపించింది. హైదరాబాదులో 1901లో స్థాపించిన నిజామియా వేధశాల కూడా తరువాతి కాలంలో ప్రపంచ నక్షత్ర పటం తయారీలో పాల్గొని, తన వంతు ఆకాశ భాగాన్ని గాజు పలకల మీద చిత్రించింది.

అయితే ఈ పనిలో ఒక పెద్ద చిక్కు ఉన్నది. భూమి తిరుగుతుండటం వల్ల చుక్కలు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరిగినట్లు కనబడతాయి. కెమేరాను కదలకుండా ఉంచితే చుక్కలు గీతలుగా పడతాయి. అందుకని గడియారంవంటి యంత్రంతో దానిని చుక్కల వెంట తిప్పుతారు. ఆ రోజుల్లో ఆ యంత్రాలు అంత కచ్చితంగా నడిచేవి కావు. కెమేరా పక్కనే మరో దూరదర్శినిని బిగించి, అందులో అడ్డంగా నిలువుగా ఉన్న రెండు సన్నని పోగుల కూడలిలో ఒక చుక్కను నిలిపి ఉంచాలి. ఆ చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే చేతితో సరిచేయాలి. ఇలా గంటల తరబడి రెప్ప వాల్చకుండా చూడాలి. మధ్యలో ఒక్క నిమిషం కునుకు పడితే ఆ రాత్రి పడిన శ్రమ అంతా వృథా. తొమ్మిదో ఏట మేడ మీద నిలబడి సూర్యుని వెంట కెమేరా తిప్పిన బాలుడు ఇప్పుడు కొండ మీద నిలబడి చుక్కల వెంట కెమేరాను తిప్పుతున్నాడు. పని అదే. రాజు మారాడు, పగలు రాత్రి అయింది.

1889 వేసవిలో బర్నార్డ్ ధనూరాశి వైపు కటకాన్ని తిప్పి మూడు గంటలకు పైగా వెలుగు సోకించి పాలపుంతను చిత్రించాడు. పలకను మందునీటిలో ముంచగా వేలకు వేలు నక్షత్రాలు బయటపడ్డాయి. అవి మబ్బుల్లా కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఆ కుప్పల నడుమ నల్లని వాగులు, పాయలు, మచ్చలు స్పష్టంగా కనబడ్డాయి. తాను నాష్‌విల్‌లో చూసిన మచ్చ ఒంటరిది కాదని, అటువంటివి ఆకాశం నిండా ఉన్నాయని ఆయనకు తెలిసింది.

1892వ సంవత్సరం బర్నార్డ్‌కు గొప్ప కీర్తిని తెచ్చింది. ఆ ఏడాది ఎట్టకేలకు 36 అంగుళాల దూరదర్శినిలో చూడటానికి ఆయనకు వారానికి ఒక రాత్రి లభించింది. సెప్టెంబరు 9వ తేదీన గురుగ్రహం పక్కన మిణుకుమంటున్న ఒక చిన్న చుక్కను పట్టుకున్నాడు. అది గురుగ్రహానికి అయిదో ఉపగ్రహం. 1610లో గెలీలియో నాలుగు ఉపగ్రహాలను చూసిన తరువాత 282 సంవత్సరాల దాకా అయిదో దానిని ఎవరూ కనిపెట్టలేదు. ఆ అక్టోబరులోనే ఒక ఛాయాచిత్రంలో అంతకుముందు ఎవరూ ఎరుగని తోకచుక్క జాడ ఆయనకు కనబడింది. ఛాయాచిత్రం ద్వారా కనిపెట్టిన మొదటి తోకచుక్క అదే. తరువాత అది కనబడకుండా పోయి, మళ్లీ 2008లో దొరికింది. ఒకప్పుడు స్తంభం చాటున కన్నీరు పెట్టుకున్న యువకుని పేరు ఇప్పుడు ప్రపంచమంతటా వినబడింది. 1897లో ఇంగ్లాండులోని రాయల్ ఖగోళశాస్త్ర సంఘం ఆయనకు బంగారు పతకాన్ని ప్రదానం చేసింది.

1895లో బర్నార్డ్ చికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని విలియమ్స్ బే అనే ఊళ్లో ఆ విశ్వవిద్యాలయం యెర్క్స్ వేధశాలను నిర్మిస్తున్నది. అక్కడ 40 అంగుళాల కటకంతో లిక్ దూరదర్శిని కంటె పెద్దదానిని నెలకొల్పారు. 1897 మే నెలలో ఒక రాత్రి బర్నార్డ్ ఆ దూరదర్శిని వద్ద పనిచేసి ఇంటికి వెళ్లాడు. కొన్ని గంటలకే, మే 29వ తేదీ ఉదయం, పైకీ కిందికీ కదిలే ఆ గది నేల మొత్తం తెగి కింద కూలిపోయింది. కొంచెం ముందుగా అది జరిగి ఉంటే ఆయన బతికి ఉండేవాడు కాదు. నేలను బాగుచేసిన తరువాత ఆయన మళ్లీ ఎప్పటిలాగే పనిలో మునిగిపోయాడు.

విలియమ్స్ బేలో చలికాలం చాలా కఠినమైనది. చెరువులు గడ్డకట్టి రాయిలా మారుతాయి. అయినా వేధశాల గదిలో నిప్పు పెట్టుకోవడానికి వీలులేదు. వేడిగాలి పైకి లేస్తే నక్షత్రాల రూపం చెదిరిపోతుంది. పైకప్పు తెరిచి, లోపలా బయటా ఒకే చలి ఉండేటట్లు చూసుకొని, దళసరి కోటు తొడుక్కొని తెల్లవార్లూ కూర్చోవాలి. వేళ్లు కొంకర్లు పోయినా చుక్క మీద నుండి చూపు తప్పించకూడదు. బర్నార్డ్ అటువంటి రాత్రులను లెక్కచేసేవాడు కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న ఏ రాత్రినైనా వదులుకోవడం ఆయన దృష్టిలో తిరిగి రాని నష్టం.

పాలపుంతను చిత్రించడానికి ప్రత్యేకంగా ఒక మంచి పరికరం కావాలని ఆయన ఎంతోకాలంగా కోరుకుంటున్నాడు. 1897లో కాథరిన్ బ్రూస్ అనే ఉదారురాలు అందుకు 7,000 డాలర్ల విరాళమిచ్చింది. 10 అంగుళాల కటకం గల ఆ బ్రూస్ దూరదర్శిని 1904లో సిద్ధమయింది. కాని ధనూరాశి, వృశ్చికరాశి ఆకాశంలో దక్షిణం వైపు ఉంటాయి. మన దేశంలో అవి ఎత్తుగా కనబడతాయి గాని, ఉత్తరాన ఉన్న విలియమ్స్ బేలో నేలను అంటుకున్నట్లు ఉంటాయి. అందువల్ల 1905లో ఆ పరికరాన్ని కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ కొండకు తరలించారు. అక్కడ కొన్ని నెలల పాటు బర్నార్డ్ రాత్రంతా చిత్రాలు తీస్తూ, పగలు వాటిని కడుగుతూ, నిద్రను బాగా తగ్గించుకొని పనిచేశాడు. సుమారు 500 గాజు పలకలతో తిరిగి వచ్చాడు.

చిత్రం తీయడంతో పని ముగిసినట్లు కాదు. గాజు పలక మీద అంతా తారుమారుగా ఉంటుంది. చుక్కలు నల్లగా, చీకటి తెల్లగా కనబడతాయి. దానినుండి మళ్లీ అసలు రూపాన్ని కాగితం మీదికి తేవాలి. ఎక్కువ నలుపు చేస్తే మసక నీహారికలు మాయమవుతాయి. తక్కువ చేస్తే చీకటి మచ్చలు వెలిసిపోతాయి. పలక మీద దుమ్ము పడినా, మందు సరిగా అంటకపోయినా లేని వస్తువు ఉన్నట్లు కనబడవచ్చు. అందుకోసం బర్నార్డ్ ఒకే చోటును ఒకే సమయంలో రెండు కటకాలతో రెండు పలకల మీద తీసేవాడు. రెండింటిలోనూ కనబడితేనే అది ఆకాశంలో ఉన్నట్లు. ఒకదానిలోనే కనబడితే అది పలకలోని దోషం. చిత్రాన్ని అందంగా చేయాలనే ఆశతో లేనిదానిని చేర్చడం గాని, ఉన్నదానిని చెరపడం గాని ఆయన సహించేవాడు కాదు. లిక్ వేధశాలలో తీసిన చిత్రాలను పుస్తకంగా వేయవలసి వచ్చినప్పుడు, అచ్చులో అవి అసలు పలకలకు సాటి రాలేదని ఆయన ఒప్పుకోలేదు. ఆ కారణంగా ఆ పుస్తకం 1913 దాకా వెలువడలేదు. అప్పటికి ఆ చిత్రాలు తీసి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి.

ఇంతకాలమూ చీకటి మచ్చల ప్రశ్న ఆయనను వదలలేదు. అవి రంధ్రాలే అయితే, నక్షత్రాల గుంపును ఈ వైపు నుండి ఆ వైపు దాకా చీల్చుకుపోయే పొడవైన సొరంగాలు కావాలి. పైగా ఆ సొరంగాలన్నీ సరిగ్గా భూమి వైపే తిరిగి ఉండాలి. మామిడితోటలో చెట్ల వరుసల మధ్య దారి, దాని కొసన నిలబడినవానికే నేరుగా కనబడుతుంది. కొంచెం పక్కకు జరిగితే చెట్లు అడ్డం వస్తాయి. ఒకటి రెండు దారులు మన వైపు తిరిగి ఉన్నాయంటే నమ్మవచ్చు. వందల కొద్దీ దారులు మనవైపే తిరిగి ఉన్నాయంటే నమ్మడం ఎలా? వృశ్చికరాశిలో జ్యేష్ఠా నక్షత్రం సమీపాన తీసిన చిత్రాలలో వెలిగే నీహారిక, నల్లని పాయ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు ఉండటం కూడా ఆయనను ఆలోచింపజేసింది. అయినా తొందరపడి ఏమీ అనలేదు. చిత్రాలు తీస్తూ, పోలుస్తూ, సంవత్సరాల తరబడి తర్కించుకున్నాడు.

1913 వేసవిలో చంద్రుడు లేని ఒక నిర్మలమైన రాత్రి ఆయన ధనూరాశి వైపు చిత్రం తీస్తున్నాడు. ఆ సమయంలో కొన్ని చిన్న చిన్న మబ్బు తునకలు పాలపుంతకు అడ్డంగా వచ్చాయి. వెలుగుతున్న నక్షత్ర సమూహం ముందు అవి సిరాబొట్లలా నల్లగా కనబడ్డాయి. తన గాజు పలకల మీద ఇన్నాళ్లుగా చూస్తున్న మచ్చలకూ, తలపైన కదిలిపోతున్న ఆ మబ్బులకూ తేడా లేదని ఆయనకు తోచింది. రంధ్రం ద్వారా చీకటి కనబడటం వేరు, వెలుగుకు ఏదో అడ్డు రావడం వేరు. ఆకాశంలో చాలా దూరాన కూడా వెలుగును అడ్డగించే మబ్బులు ఉన్నాయనే నమ్మకం ఆయనలో బలపడింది. ముప్పై ఏళ్ల కిందట తాను రంధ్రమని రాసినదానిని తానే దిద్దుకోవడానికి ఆయన సంకోచించలేదు. 1919లో అటువంటి 182 చీకటి మచ్చల పట్టికను ప్రకటించాడు. నల్లగా కనబడే ప్రతి చోటూ మబ్బేనని మాత్రం ఆయన పట్టుబట్టలేదు. రుజువు ఉన్నంత మేరకే మాట్లాడటం ఆయన స్వభావం.

పాత పలకలను జాగ్రత్తగా దాచడం మరో మేలు చేసింది. 1916లో తీసిన ఒక చిత్రాన్ని 1894 నాటి చిత్రంతో పోల్చగా, ఒక చిన్న ఎర్రని నక్షత్రం ఎంతో దూరం జరిగినట్లు కనబడింది. మనకు తెలిసిన నక్షత్రాలన్నింటిలో ఆకాశంలో అతి వేగంగా జరిగేటట్లు కనబడేది అదే. చంద్రబింబం వెడల్పంత దూరం జరగడానికి దానికి సుమారు 175 సంవత్సరాలు పడుతుంది. దానిని బర్నార్డ్ నక్షత్రం అంటారు. అది మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. దాని చుట్టూ ఒక చిన్న గ్రహం తిరుగుతున్నట్లు 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

1914లో బర్నార్డ్‌కు మధుమేహం ఉన్నట్లు తేలింది. ఆ వ్యాధికి అప్పటికి ఇన్సులిన్ మందు లేదు. రాత్రులు మేల్కొనవద్దని వైద్యులు ఆంక్ష పెట్టారు. కొంతకాలం వేధశాలకు దూరంగా ఉండి, కాస్త కోలుకోగానే మళ్లీ దూరదర్శిని దగ్గరికి చేరాడు. ఆ రోజుల్లోనే పాలపుంత చిత్రాల సంపుటం పని చేపట్టాడు. తాను తీసిన వాటిలో 50 ఉత్తమ చిత్రాలను ఎన్నుకున్నాడు. అచ్చుయంత్రం మీద నమ్మకం లేక, ప్రతి ప్రతిలోనూ అసలైన ఛాయాచిత్రాలనే అతికించాలని నిశ్చయించాడు. 700 ప్రతుల కోసం 35,000కు పైగా ఛాయాచిత్రాలు తయారయ్యాయి. ఆ అనారోగ్యంలో కూడా వాటిని ఒక్కొక్కటిగా తానే పరీక్షించాడు. నచ్చనివాటిని తిప్పి పంపాడు.

1921లో నలభై ఏళ్లు తోడునీడగా ఉన్న భార్య రోడా కన్నుమూసింది. ఆ దంపతులకు సంతానం లేదు. ఒంటరితనం, వ్యాధి ఆయనను కుంగదీశాయి. 1923 ఫిబ్రవరి 6వ తేదీన బర్నార్డ్ విలియమ్స్ బేలో కన్నుమూశాడు. సంపుటం వెలువడటం ఆయన చూడలేదు. ఎంతోకాలం ఆయనకు సహాయకురాలుగా ఉన్న రోడా మేనకోడలు మేరీ కాల్వర్ట్, వేధశాల అధ్యక్షుడు ఎడ్విన్ ఫ్రాస్ట్ ఆ పని పూర్తిచేశారు. 1927లో అది ప్రకటితమయింది. అందులో చీకటి మచ్చల సంఖ్య సుమారు 350కి పెరిగింది.

బర్నార్డ్ మరణించిన ఏడు సంవత్సరాలకు, 1930లో, ఆయన ఒకప్పుడు పనిచేసిన లిక్ వేధశాలలోనే రాబర్ట్ ట్రంప్లర్ అనే శాస్త్రజ్ఞుడు నక్షత్రాల మధ్య ధూళి వ్యాపించి ఉన్నదని, అది దూరపు వెలుగును మసకబరుస్తున్నదని రుజువు చేశాడు. బర్నార్డ్ పట్టికలో 68వదిగా ఉన్న నల్లని మచ్చను మన కాలంలో దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నుండి మహా దూరదర్శినులతో చిత్రించారు. మామూలు వెలుగులో అది ఒట్టి నలుపు. ధూళిని దాటి రాగల పరారుణ కాంతిలో తీయగా దాని వెనుక ఉన్న నక్షత్రాలు వేలకొద్దీ కనబడ్డాయి. అది రంధ్రం కాదు, మబ్బే. గొల్లకావడి దగ్గర గుర్రపు తల ఆకారంలో ఉండే ప్రసిద్ధ నీహారిక ఆయన పట్టికలో 33వది. ఇటువంటి చల్లని మబ్బులలోని వాయువు, ధూళి దగ్గరకు చేరి కొత్త నక్షత్రాలు పుడతాయని కూడా తరువాత తెలిసింది. ఏమీ లేని చోట్లని లోకం అనుకున్నవి నిజానికి నక్షత్రాలు పుట్టే పురిటి గదులు.

నేడు గాజు పలకల స్థానంలో ఎలక్ట్రానిక్ సాధనాలు వచ్చాయి. చుక్కను వెంబడించే పనిని యంత్రమే చేస్తుంది. చిన్న చిన్న వ్యవధులతో తీసిన అనేక చిత్రాలను కంప్యూటరు సహాయంతో ఒకదానిమీద ఒకటి చేర్చి ఒకే చిత్రంగా మలుస్తున్నారు. పల్లెలో ఒక చిన్న మేడ మీద నుండి కూడా ఈ పని చేసేవారు ఉన్నారు. పరికరాలు మారినా మూలసూత్రం మారలేదు. వెలుగును ఓపికగా కూడబెట్టాలి. చిత్రంలో కనబడినది ఆకాశానిదో, పరికరం దోషమో నిజాయితీగా తేల్చుకోవాలి.

బర్నార్డ్‌కు పేదరికం బడిని దూరం చేసింది గాని చదువును దూరం చేయలేకపోయింది. కూలి కోసం నేర్చిన ఓపిక శాస్త్రానికి పెట్టుబడి అయింది. పెద్దవారి మాట మనసు నొప్పించినా అందులోని మంచిని ఆయన గ్రహించాడు. తన అభిప్రాయం తప్పని తోచినప్పుడు దానిని విడిచిపెట్టాడు. ఈసారి చీకటి రాత్రి పాలపుంత కనబడినప్పుడు దానిలోని నల్లని పాయల వైపు కూడా ఒకసారి చూడాలి. అక్కడ ఉన్నది శూన్యం కాదని మనకు చూపడానికి ఒక మనిషి ఎన్నో రాత్రులు కన్ను వాల్చకుండా మేల్కొని ఉన్నాడు.